రాత్రి కూడా జామాయిల్ చెట్టు నీరు తాగుతున్నట్టు చూపిస్తోంది: తప్పు చెట్టుదా, సూదిదా?

మధురవాడ_మొక్క
విశాఖపట్నం దగ్గర ఆనందపురం దాటాక కొండవాలులో ఉన్న ఒక జామాయిల్ తోటలో తొమ్మిది చెట్లకు వేడి సూదులు అమర్చి ఇరవై రోజులుగా కొలుస్తున్నాను. ఇది నా పరిశోధన కోసం మొదలైన పని. ఇప్పుడు దాని మీద ఊరి కన్ను కూడా పడింది. తోటకు దిగువన మూడు నేలబావులు ఎండిపోయాయి. ఒక్కో చెట్టు రోజుకు వంద లీటర్లు లాగేస్తోందని రైతులు అంటున్నారు, అది అబద్ధమని తోట యజమాని అంటున్నారు, ఇద్దరూ నా అంకె కోసం ఎదురుచూస్తున్నారు.

నేను వాడుతున్నది 1985లో ఫ్రాన్స్‌లో ఆంద్రే గ్రానియే రూపొందించిన పద్ధతి. రెండు సెంటీమీటర్ల పొడవున్న రెండు సూదులను కాండంలో ఒకదానిపై ఒకటి, పది సెంటీమీటర్ల ఎడంతో దించి, పై సూదికి ఎడతెగకుండా 0.2 వాట్ల వేడి ఇస్తాం. నీరు పైకి పారుతున్నప్పుడు ఆ వేడిని మోసుకుపోతుంది కనుక రెండు సూదుల మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. రాత్రి నీరు ఆగిపోయినప్పుడు తేడా గరిష్ఠానికి చేరుతుంది, ఆ గరిష్ఠాన్నే సున్నా ప్రవాహంగా తీసుకుంటాం.

నా చిక్కంతా ఆ సున్నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం చెట్టుకు గంటకు 1.2 లీటర్ల దాకా వస్తోంది. రాత్రి పదింటికి సున్నాకు దిగుతోంది, కానీ అక్కడ నిలవకుండా మెల్లగా పెరుగుతూ తెల్లవారుజామున నాలుగింటికి గంటకు 0.1 లీటరు దాటుతోంది. తొమ్మిది చెట్లలోనూ ఇదే తీరు. ఇది నిజంగా రాత్రి బాష్పోత్సేకమేనా, అంటే ఆకుల నుండి నీరు ఆవిరిగా పోవడమేనా? ఇది తేలకుండా పంచాయతీలో ఏ అంకె చెప్పడానికీ నాకు మనసొప్పడం లేదు.

లెక్కల_మాస్టారు
రాత్రి సంగతి తెలిసినవారు చెబుతారు, ఆ వంద లీటర్ల సంగతి మాత్రం కాగితం మీదే తేల్చవచ్చు. తోటలో చెట్లు ఎంత ఎడంలో ఉన్నాయమ్మా?

మధురవాడ_మొక్క
మూడు మీటర్లకు మూడు మీటర్లు, మాస్టారూ. కాండం చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు.

లెక్కల_మాస్టారు
అలాగైతే హెక్టారుకు 1,111 చెట్లు. ఒక్కొక్కటి వంద లీటర్లు తాగితే రోజుకు 1,11,100 లీటర్లు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే 10,000 లీటర్లు కనుక, ఇది రోజుకు 11 మిల్లీమీటర్లు అవుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి. అంటే ఆ తోటలో ప్రతి చదరపు మీటరుకూ రోజుకు 27 మెగాజౌళ్లు ఆవిరి కోసమే ఖర్చు కావాలి. మన దగ్గర మబ్బులేని వేసవి రోజున నేలకు అందే ఎండ మొత్తం 20 నుండి 25 మెగాజౌళ్లు, అందులో కొంత తిరిగి ఆకాశానికే పోతుంది. నీళ్లు కావలసినన్ని ఉన్నా ఆవిరి చేయడానికి సూర్యుడి దగ్గర అంత వేడి లేదు. ఈ నాలుగు గుణకారాలనూ పంచాయతీలో బల్ల మీద సుద్దముక్కతో రాసి చూపించండి, పదో తరగతి పిల్లలు కూడా ఒప్పుకుంటారు.

సరుగుడు_తోట
మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఎండిపోయిన బావి కూడా ఒక కొలతే అని గుర్తుంచుకోవాలి. మాది భీమిలి వైపు, నాన్నగారి కాలం నుండి సరుగుడు వేస్తున్నాం. రైతు లీటర్లలో చెప్పలేకపోవచ్చు, అయితే ఏ ఏడు ఏ నెలలో ఎన్ని మెట్లు కిందకు దిగి నీళ్లు తోడాడో అతనికి తెలుసు. వంద అన్నది తప్పయినంత మాత్రాన అతని ఫిర్యాదు తప్పు కాదు.

ఆకురంధ్రం
అసలు ప్రశ్నకు వస్తాను. రాత్రి పత్రరంధ్రాలు పూర్తిగా మూసుకుంటాయన్నది బడి పుస్తకంలో మాట. చాలా జాతుల్లో అవి కాస్త తెరిచే ఉంటాయి, జామాయిల్ జాతుల్లో రాత్రి ప్రవాహాన్ని చాలామంది కొలిచారు. మన ఊరి గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. వేసవి రాత్రి 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు మనకు ఉక్కగా అనిపిస్తుంది, అయినా ఆకు దృష్టిలో ఆ గాలి ఇంకా పొడిదే. ఆ స్థితిలో గాలికి సుమారు 0.75 కిలోపాస్కల్ ఆవిరి పీడన లోటు ఉంటుంది, అంటే ఆ గాలి ఇంకా అంత ఆవిరిని పట్టుకోగలదు, తెరిచి ఉన్న ఆకు నుండి నీరు లాగడానికి అది చాలు. ఉక్కపోతను చూసి చెట్టు నీరు వదలదని అనుకోవద్దు. మీరు చూస్తున్నది నిజమైన ప్రవాహమే కావచ్చని నా అభిప్రాయం.

వేడిసూది
ఆకురంధ్రం గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ప్రవాహం ఉండవచ్చా లేదా అని ఆలోచించే ముందు గీత ఆకారం చూడాలి. పగలంతా చెట్టు వేరు అందించినదానికంటే ఎక్కువ వదులుతుంది, ఆ లోటును కాండం తనలో దాచుకున్న నీటితో భరిస్తుంది. చీకటి పడ్డాక ఆ ఖాళీ నిండే దాకా నీరు ఎక్కుతూనే ఉంటుంది. ఈ నింపుడు సాయంత్రం బలంగా ఉండి తెల్లవారేసరికి తగ్గుతుంది. నిజమైన రాత్రి బాష్పోత్సేకమైతే గాలిలో తేమ మారినట్టు మారాలి. తెల్లవారుజామున తేమ పెరుగుతుంది కనుక అదీ తగ్గాలి. ఈ తోటలో మాత్రం పది నుండి నాలుగు దాకా పెరుగుతూనే ఉంది, అదీ తొమ్మిది చెట్లలో ఒకే విధంగా. తొమ్మిది చెట్లు ఒకే పాట పాడితే ముందు పాట పాడించేవాడిని అనుమానించాలి. సూదులకు కరెంటు ఎక్కడి నుండి వస్తోంది?

మధురవాడ_మొక్క
సోలార్ పలక, 12 వోల్టుల బ్యాటరీ. తొమ్మిది చెట్లకూ ఒకే బ్యాటరీ. మధ్యలో చిన్న వోల్టేజి రెగ్యులేటర్ ఉంది.

వేడిసూది
నా అనుమానం ఆ రెగ్యులేటర్ మీదే. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి రెండు శాతం పడితే వేడి నాలుగు శాతం పడుతుంది, ఉష్ణోగ్రత తేడా కూడా నాలుగు శాతం తగ్గుతుంది. తేడా తగ్గిందంటే నీరు పారుతోందని సూత్రం నమ్ముతుంది. మీ గరిష్ఠ తేడా 10 డిగ్రీలు అనుకుందాం, అది 9.6కు పడిందనుకుందాం. గ్రానియే సూత్రంలో వేస్తే చదరపు సెంటీమీటరుకు గంటకు 0.86 ఘన సెంటీమీటర్లు వస్తుంది. నీరు పారే చెక్క వైశాల్యం ఎంత తీసుకున్నారు?

మధురవాడ_మొక్క
150 చదరపు సెంటీమీటర్లు, అన్నా.

వేడిసూది
అయితే గంటకు 0.13 లీటరు. మీకు తెల్లవారుజామున కనిపిస్తున్న అంకె ఇంచుమించు అదే. సూదుల దగ్గర వోల్టేజిని గంట గంటకూ నమోదు చేయించండి, బ్యాటరీ దగ్గర చదివి తృప్తిపడవద్దు, సన్న తీగలో కూడా కొంత పోతుంది. వీలైతే రెగ్యులేటర్ తీసేసి స్థిర విద్యుత్ ప్రవాహం ఇచ్చే సర్క్యూట్ పెట్టుకోండి. ఇంకొక పరీక్ష కూడా ఉంది, అది పైసా ఖర్చు లేనిది. ఒక రోజంతా వేడి ఆపేసి రెండు సూదుల తేడాను చూడండి. వేడి లేనప్పుడు తేడా సున్నా ఉండాలి, లేదంటే కాండం మీద ఎండ పడుతోందని అర్థం.

కంబాలకొండ_నడక
సూదులను కాండం ఉత్తరపు వైపు పెడితే ఎండ పడదని ఎక్కడో చదివాను. నిజమేనా?

లెక్కల_మాస్టారు
మన ఊరు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుండి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. ఐరోపా వారికి పనికొచ్చే ఆ సలహా ఆ రెండున్నర నెలలు ఇక్కడ పనికిరాదు.

మధురవాడ_మొక్క
ఉత్తరం వైపే పెట్టాను. దాని మీద థర్మకోల్ దిమ్మ, పైన కాండం చుట్టూ అల్యూమినియం రేకు ఉన్నాయి. రేకు పైఅంచును సిలికాన్‌తో అతికించకపోవడం వల్ల మొదటి వానకే కాండం మీదుగా జారిన నీరు లోపలికి దిగింది. విప్పి చూస్తే సూది చుట్టూ ఎర్రటి జిగురు గడ్డకట్టి ఉంది, ఆ వెచ్చదనానికి చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి. తోటకు కట్టెలకు వచ్చే ఒక మామ్మగారు రేకు మెరుపు చూసి, చెట్టుకు పెళ్లి చేస్తున్నావా తల్లీ అని అడిగారు.

అరకు_పొగమంచు
మాది అరకు దగ్గర కాఫీ తోట. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకు ఒక పరిశోధన బృందం సూదులు పెట్టినప్పుడు రెండేళ్లు వాళ్లతో తిరిగాను. సున్నా గురించి నాకు తెలిసింది చెబుతాను. శీతకాలంలో మా లోయలో తెల్లవారుజామున పొగమంచు ఎలా ఉంటుందంటే, పది అడుగుల అవతల ఉన్న చెట్టు కనిపించదు, ఆకుల కొసల నుండి నీటి బొట్లు టపటపా రాలుతుంటాయి. తడిసిన ఆకు, నీటితో నిండిన గాలి కలిసిన వేళ చెట్టు నీరు వదలడానికి దారే ఉండదు. వాళ్లు ఆ వేళల్లో చదివిన తేడానే అసలు సున్నాగా తీసుకునేవారు. పొడి రాత్రుల్లో గరిష్ఠం దానికంటే ఎప్పుడూ కాస్త తక్కువే వచ్చేది, ఆ కాస్తే నిజమైన రాత్రి ప్రవాహం.

ఆనందపురంలో మీకు అంత పొగమంచు దొరకదు. రాత్రంతా వాన పడిన రోజులు మాత్రం దొరుకుతాయి. ఏ రాత్రికి ఆ రాత్రి సున్నా మార్చకుండా వారం పది రోజుల్లో అత్యధిక తేడాను సున్నాగా పట్టుకోండి.

ఆకురంధ్రం
అరకు_పొగమంచు గారు చెప్పినది నా వాదానికీ వేడిసూది గారి వాదానికీ మధ్య తీర్పు చెప్పగల పరీక్ష. వోల్టేజి సరిచేశాక కూడా వాన రాత్రికీ పొడి రాత్రికీ తేడా మిగిలితే అది చెట్టుదే. గీత ఆకారం గురించి వేడిసూది గారు చెప్పినదాన్ని ఒప్పుకుంటున్నాను, నేను అంకెను చూశాను కానీ ఆకారాన్ని చూడలేదు.

లెక్కల_మాస్టారు
సున్నాలో చిన్న పొరపాటు ఎంత దూరం పోతుందో వేసి చూశాను. గరిష్ఠం 10.0, మధ్యాహ్నం తేడా 8.0 డిగ్రీలు అయితే చదరపు సెంటీమీటరుకు గంటకు 7.8 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అసలు గరిష్ఠం 10.5 అయి ఉంటే అదే మధ్యాహ్నానికి 10.2 వస్తుంది. సున్నాలో అర డిగ్రీ తప్పితే పగటి లెక్క మూడో వంతు మారిపోతోంది. రాత్రి సమస్య అనుకున్నది నిజానికి పగటి సమస్యే.

పాతకొలత
ముప్పై ఏళ్లు అడవుల్లో నీటి కొలతలు చేసి విరమించినవాడిని. అందరూ సున్నా చుట్టూ తిరుగుతున్నారు కానీ నాకు ఆ 150 గుచ్చుకుంటోంది. చుట్టుకొలత 50 అంటే వ్యాసార్ధం ఎనిమిది సెంటీమీటర్లు. బెరడు తీసేస్తే 7.3 అనుకోండి, చెక్క వైశాల్యం అంతా కలిపి 167 వస్తుంది. అంటే ఈ అమ్మాయి దాదాపు చెక్క మొత్తంలో నీరు పారుతుందని తీసుకుంది. అలా ఉండదు. నడిమి చేవలో నీరు పారదు. బయటి తెల్లచెక్కలోనే, అదీ బెరడుకు దగ్గరగా ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా పారుతుంది. తెల్లచెక్క మందం ఎలా తెలుసుకున్నావమ్మా?

మధురవాడ_మొక్క
తెలుసుకోలేదు సార్. ఒక పాత సిద్ధాంత వ్యాసంలో చుట్టుకొలతను బట్టి వైశాల్యం చెప్పే సమీకరణం ఉంటే వాడాను. అది ఏ వయసు చెట్లదో చూడకపోవడం నా తప్పు.

పాతకొలత
తప్పు అనకు, ఇంకా కొలుస్తూనే ఉన్నావు. బోలు బరమాతో కాండంలోంచి సన్నటి చెక్క కడ్డీ (కోర్) తీసి వెంటనే వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడు. నీరున్న చెక్క గుండా వెలుతురు దిగుతుంది, చేవ అడ్డంగా నల్లగా నిలుస్తుంది. కోర్ ఆరిపోతే ఆ గీత చెరిగిపోతుంది, కనుక చెట్టు దగ్గరే నిలబడి స్కేలుతో కొలవాలి. ఇంకా నమ్మకంగా కావాలంటే పొద్దున పూట కాండం అడుగున చిన్న రంధ్రం చేసి రంగునీళ్లు పట్టించి, సాయంత్రం దానికి పైన కోర్ తీస్తే రంగు ఎక్కడి దాకా ఎక్కిందో తెలుస్తుంది.

టేకుతో నాకు జరిగింది చెబుతాను. ఆ చెట్లలో తెల్లచెక్క మందం 1.2 సెంటీమీటర్లే, సూది మాత్రం రెండు సెంటీమీటర్లు. సూదిలో 40 శాతం కదలిక లేని చేవలో ఉండి వెచ్చగానే ఉండిపోయేది, ఆ వెచ్చదనం కలిసి సగటు చెడేది. 10, 8 డిగ్రీల ఉదాహరణలోనే చూడండి. చేవ వాటా తీసేస్తే తెల్లచెక్కలో ఉన్న సూది భాగానికి అసలు తేడా 6.67 డిగ్రీలు అవుతుంది. ప్రవాహం ఏకంగా 2.35 రెట్లు పెరుగుతుంది. ఈ సవరణను 1999లో క్లియర్‌వాటర్, ఆయన సహచరులు రాశారు. అప్పటికే మా రెండేళ్ల లెక్కలు పంపించేసి ఉన్నాం, వాటిని వెనక్కి తెప్పించుకుని మళ్లీ వేయడానికి ఇంకో ఏడాది పట్టింది.

వేడిసూది
టేకు లాంటి చెట్లకు నేను వేడి నిష్పత్తి పద్ధతిని ఇష్టపడతాను. 2001లో బర్జెస్ బృందం చెప్పినది. మధ్య సూదితో ఒక్క వేడి తుంపు (క్షణకాలపు వేడి) ఇచ్చి, పైనా కిందా 0.6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు సూదుల్లో ఎంత వేడెక్కిందో నిమిషం దాటాక పోల్చి చూస్తారు. నెమ్మది ప్రవాహాన్నీ, వెనక్కి పారే నీటినీ కూడా పట్టుకుంటుంది, రాత్రి గరిష్ఠాన్ని అరువు తెచ్చుకోవాల్సిన పని ఉండదు. కాకపోతే సూదులు సమాంతరంగా దిగకపోతే లెక్క పోతుంది, డ్రిల్‌కు ఇనుప మూస లేకుండా ఆ పనికి పూనుకోవద్దు.

కంబాలకొండ_నడక
ఇన్ని సవరణలు చేసిన తరువాత కూడా ఆ అంకె నిజమని ఎలా తెలుస్తుంది? చెట్టును తూచలేం కదా.

పాతకొలత
తూచవచ్చు. 1727లో పుస్తకం అచ్చేసే నాటికే స్టీఫెన్ హేల్స్ కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను పొద్దునా సాయంత్రం తూచి అది వదిలిన నీటిని లెక్కగట్టారు. పెద్ద చెట్టుకైతే వేరే దారి ఉంది, 1970లలో ఇంగ్లండ్‌లో జాన్ రాబర్ట్స్ పైన్ చెట్ల మీద చేశారు. మేమూ ఒకసారి చేశాం. అనుమతి ఉన్న నరుకుడు కూపులో, ఇంకా చీకటి ఉండగానే, సూదులు పెట్టి ఉన్న చెట్టును నాలుగు పక్కలకూ తాళ్లతో కట్టి నిలబెట్టి మొదలు కోశాం. చుట్టూ రేకుతొట్టి పెట్టి నీళ్లు పోసి, నీటి లోపలే మరోసారి ఒక అంగుళం పైన కోశాం, గాలి లోపలికి దూరితే నాళాలు తెగిపోయినట్టే కనుక. ఆరుగురం తాళ్లు పట్టుకుని ఉన్నాం. తొమ్మిది దాటాక ఎండ తలకెక్కుతుంటే తొట్టిలో నీటి మట్టం కంటి ముందే దిగడం మొదలైంది. గీత దాకా మళ్లీ మళ్లీ పోస్తూ, పోసిన ప్రతి లీటరునూ రాసుకున్నాం. సాయంత్రానికి చూస్తే సూదులు చెప్పినది మేము పోసినదానికన్నా బాగా తక్కువ. గ్రానియే సూత్రంలోని గుణకాలు అన్ని జాతులకూ సరిపోవనీ, చాలాచోట్ల ప్రవాహాన్ని తక్కువ చూపుతాయనీ తరువాత ఎందరో నిర్ధారించారు. అందుకే ఏ జాతికి ఆ జాతి కాండం ముక్కతో సరిచూసుకోవాలి. ఒక్క చెట్టును బలి ఇచ్చినా ఎనిమిది చెట్ల లెక్క నిలబడుతుంది.

సరుగుడు_తోట
ఇదంతా చదివాక నాకు గౌరవం పెరిగింది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. చెట్టు ఎంత తాగిందన్నది ఒకటి, నా బావి ఎందుకు ఎండిందన్నది మరొకటి.

ఖోండలైట్
అవి రెండూ వేరన్న మాట మీ నోట వచ్చినందుకు సంతోషం. ఆనందపురం వాలుల్లో రాయి ఖోండలైటు. పైన కుళ్లిన మట్టి, దాని కింద పగుళ్లున్న రాయి. పైమట్టిలో నీరు నేలబావికి, పగుళ్లలోది బోరుకు. చుట్టుపక్కల బోర్లు లోతుగా లాగితే పైమట్టి నీరు కిందికి జారిపోయి నేలబావి ముందు ఎండుతుంది. తోట వేసిన ఏడాదినీ, చుట్టూ బోర్లు పడిన ఏడాదినీ పక్కపక్కన రాసుకోకుండా తీర్పు చెప్పకూడదు.

చెట్టు నేరుగా నేలనీటిలో వేరు ముంచి ఉంటే మాత్రం బావే సాక్ష్యం చెబుతుంది. 1932లో వాల్టర్ వైట్ అమెరికాలోని యూటాలో చూపించిన పద్ధతి అది. పగలు చెట్టు లాగినప్పుడు నీటి మట్టం దిగుతుంది, రాత్రి చుట్టుపక్కల నీరు చేరి పెరుగుతుంది. అర్ధరాత్రి నుండి నాలుగింటి దాకా గంటకు ఎంత పెరిగిందో చూసి 24తో గుణించి, రోజు మొత్తంలో నికరంగా ఎంత తగ్గిందో కలిపి, మట్టి వదలగల నీటి భాగంతో గుణిస్తే చెట్ల వాడకం వస్తుంది. గంటకు 0.1 సెంటీమీటరు పెరిగి, రోజుకు 0.6 తగ్గి, ఇసుక వదిలే భాగం 0.2 అయితే రోజుకు ఆరు మిల్లీమీటర్లు. కాండంలోకి వేడి తుంపు పంపి ప్రవాహాన్ని మొదటిసారి కొలిచిన బ్రూనో హూబర్ పని కూడా అదే 1932లో వచ్చింది. ఒకరు కాండంలో, ఒకరు బావిలో.

సరుగుడు_తోట
మా ఇసుక నేలలో నీరు పైనే ఉంటుంది. మా బావిలో ఇది చేయవచ్చా?

ఖోండలైట్
చేయవచ్చు, ఒక జాగ్రత్తతో. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. సముద్రానికి దగ్గరి బావిలో మట్టం ఆ లయలో కూడా ఊగుతుంది. పోటు వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది, చెట్టు మాత్రం సూర్యుడినే పట్టుకుని ఉంటుంది. కనీసం పదిహేను రోజులు, గంటకొకసారి నమోదైతే రెండింటినీ విడదీయవచ్చు. ఆ రోజుల్లో మోటారు వేయకూడదు.

పాతకొలత
జామాయిల్ మీద మన దేశంలోనే శ్రద్ధగా జరిగిన పని ఉంది. 1980లలో మొదలుపెట్టి ఇయాన్ కాల్డర్, ఆయనతో కర్ణాటక అటవీ శాఖ వారు ఆ రాష్ట్రంలో కొలిచారు. భారజలంలోని డ్యుటీరియంను కాండంలోకి ఎక్కించి, ఆకుల నుండి వచ్చే ఆవిరిని ప్లాస్టిక్ సంచుల్లో పట్టి, అది ఎంతగా పలచబడిందో చూసి ప్రవాహాన్ని లెక్కించారు. వాళ్లకు తేలినది ఇరు పక్షాలకూ సగం సగం నచ్చుతుంది. మట్టి లోతు తక్కువగా ఉన్న చోట జామాయిల్ వాడకం స్థానిక ఆకురాల్చే అడవి వాడకానికి మించలేదు. ఆ రెండూ మాత్రం రాగి పంటకన్నా సుమారు రెట్టింపు వాడాయి. ఎనిమిది మీటర్లకు పైగా లోతైన మట్టి ఉన్న హోసకోటలో జామాయిల్ తోట ఆ కాలంలో పడిన వర్షంకన్నా ఎక్కువ వాడింది, అంటే వేళ్లు కిందికి దిగుతూ పాత నిల్వను తోడాయి. కనుక జామాయిల్ మంచిదా చెడ్డదా అని అడగకుండా, మీ వాలులో మట్టి ఎంత లోతు ఉందో ముందు తవ్వి చూడాలి.

కంబాలకొండ_నడక
వంద లీటర్లన్న అంకె మరి ఎక్కడి నుండి పుట్టింది?

ఆకురంధ్రం
పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 1998లో ఉల్‌ష్లెగర్, మైన్‌జర్, వర్టెసీ కలిసి 52 అధ్యయనాలనూ 67 జాతులనూ సమీక్షించారు. సగటున 21 మీటర్ల ఎత్తున్న చెట్లలో రోజువారీ గరిష్ఠాలు చాలావరకు 10 నుండి 200 కిలోల మధ్య ఉన్నాయి, అమెజాన్ అడవిలో ఒక మహావృక్షానికి 1,180 కిలోలు నమోదైంది. పెద్ద చెట్టు వంద తాగగలదు, కానీ దాని గొడుగు ఎంత నేలను కప్పుతుందో చూడాలి. తొమ్మిది చదరపు మీటర్లలో ఇరుకుగా నిలబడిన సన్న చెట్టుకు ఆ అంకె అంటగట్టడమే పొరపాటు. పంచాయతీలో చెట్టుకు లీటర్లు అని చెప్పకుండా నేలకు మిల్లీమీటర్లు అని చెబితే వర్షంతో పక్కన పెట్టి చూసుకోవచ్చు.

అరకు_పొగమంచు
ఇంకొకటి మరవద్దు. వానలో ఆకుల మీదే నిలిచి నేలకు దిగకుండా ఆవిరైపోయే నీరు సూదికి కనిపించదు, చెట్ల కింద పెరిగిన లంటానా వాడకమూ కనిపించదు. తోట కింద నాలుగైదు వానకొలతలు, బయట ఒకటి పెట్టి తేడా చూడండి.

కంబాలకొండ_నడక
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లిన మర్నాడు సింహాచలం కొండ, కంబాలకొండ నిప్పంటుకున్నట్టు గోధుమ రంగులో ఉండడం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఒక్క చెట్టుకూ ఆకు లేదు. ఆ నెలల్లో ఎవరైనా గెడ్డల్లో (కొండవాగుల్లో) నీరు కొలిచి ఉంటే, ఆకులు లేని కొండ ఎంత నీరు వదులుతుందో మనకు తెలిసి ఉండేదేమో.

పాతకొలత
చాలా మంచి ఆలోచన. పరీవాహకాలను (ఒక వాగుకు నీరు చేరే ప్రాంతాలను) జంటగా తీసుకుని ఒకదానిలో చెట్లు నరికి, రెండోదాన్ని అలాగే ఉంచి పోల్చడం పాత విద్యే. అలాంటి 94 ప్రయోగాలను 1982లో బాష్, హ్యూలెట్ సమీక్షించారు. పరీవాహకంలో పది శాతం మేర పైన్ లేదా జామాయిల్ తోట తగ్గితే ఏడాదికి సుమారు 40 మిల్లీమీటర్ల నీరు అదనంగా వాగులోకి వస్తుందని తేల్చారు. తుపాను మనకు అలాంటి ప్రయోగం చేసి పెట్టింది, మనం కొలబద్ద పట్టుకుని లేము. మళ్లీ చిగురించిన లేత అడవి ముదురు అడవికన్నా ఎక్కువ నీరు తాగవచ్చన్నది కూడా చూడవలసిన విషయం. మెల్‌బోర్న్ నీటి పరీవాహకాల్లో 1939 కార్చిచ్చుల తరువాత తిరిగి పెరిగిన అడవి దశాబ్దాల పాటు వాగుల నీటిని తగ్గించింది.

మధురవాడ_మొక్క
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. సూదుల దగ్గర వోల్టేజిని గంట గంటకూ నమోదు చేయించాను. రాత్రి పదింటికి 3.00, నాలుగింటికి 2.94. వేడిసూది అన్న చెప్పిన రెండు శాతం అంకె అంకెగా కనిపించింది. స్థిర ప్రవాహ సర్క్యూట్‌కు మార్చాక తెల్లవారుజామున ఆ పెరుగుదల తొమ్మిది చెట్లలోనూ పోయింది. ఏడో తేదీన రాత్రంతా వాన పడింది. ఆ రాత్రి గరిష్ఠానికీ పొడి రాత్రుల గరిష్ఠానికీ మధ్య 0.1 డిగ్రీ తేడా ఐదు చెట్లలో మిగిలింది, నాలుగింటిలో లేదు. అది ఆకురంధ్రం గారి వాటా అనుకుంటున్నాను.

కోర్ కూడా తీశాను. వెలుతురుకు పట్టుకుంటే తేనె రంగులో మెరిసే పట్టీ, దాని వెనుక నల్లటి గీత ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పలేను. పట్టీ వెడల్పు ఐదు చెట్లలో రెండు సెంటీమీటర్లకు అటూ ఇటుగా వచ్చింది. అంటే వైశాల్యం 79 చదరపు సెంటీమీటర్లు, నేను వేసుకున్న 150లో సగానికి కాస్త ఎక్కువ. మధ్యాహ్నపు 1.2 లీటర్లు 0.6 అయ్యాయి. దీన్ని ఇంకా ఎవరికీ చెప్పలేదు, గుణకం సరిచూడకుండా చెప్పను. చెట్టు కోయడానికి తోట యజమాని ఒక చెట్టు ఇస్తానన్నారు. తొట్టి దొరికింది. తాళ్లు పట్టుకోవడానికి దిగువ బావుల రైతులనే రమ్మని అడిగాను, నలుగురు వస్తామన్నారు.

పాతకొలత
ఏ రోజో చెప్పు, నేనూ వస్తాను. రంపం నీటిలో ఆడడానికి తొట్టి కనీసం అడుగున్నర లోతు ఉండాలి, అంతకన్నా తక్కువైతే ఇప్పుడే మార్చుకో.

సరుగుడు_తోట
ఐదో మనిషిగా నన్ను రాసుకో చెల్లీ. నీళ్లు పోసి లెక్క రాసే పని నాకివ్వు.